విత్తనపు వడ్ల వంటి దృశ్యములు



మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరు పరిసరములలోని పల్లెల మీదుగా ప్రయాణము చేసినవారు, కల్లములలో ఆఱబోసిన మిర్చిని, ముఖములకు చీరచెఱగులు చుట్టుకొని దానిలో తాలుకాయలు ఏఱుచున్న స్త్రీలను చూచియే యుందురు. ఆ ఘాటు కెమెరాకు అందదు. ఆ ఎఱుపు మాత్రము అందును. ఒక యువకుడు వేకువననే పోయి, ట్రైపాడ్ మీద కెమెరాను నిలిపి, 20 సెకన్ల పాటు ఆ దృశ్యమును గ్రహించి, దానిని స్టాక్ ఫుటేజి భాండాగారములలో అమ్మకమునకు ఉంచవలెనను తలంపుతో ఇంటికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుండెననుకొందము. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో ముందు వెనుకలు కత్తిరించి, రంగులు సరిచేసి, చివరకు ఎక్స్‌పోర్ట్ అను మీటను నొక్కగానే అతని యెదుట ఒక పెద్ద పట్టిక తెఱచుకొనును. ఫార్మాట్ ఏది, కోడెక్ ఏది, బిట్ రేట్ ఎంత, సెకనుకు ఫ్రేములెన్ని, రంగుల లోతెంత అని ఆ పట్టిక అడుగును. ఆ ప్రశ్నలకు ఏమి సమాధానము చెప్పవలెను, అట్లే ఏల చెప్పవలెను అనునదియే నేటి నా ప్రసంగ విషయము.

స్టాక్ షాట్ అను మాట మన చలనచిత్ర రంగములోని వారికి నిన్న మొన్నటిది గాదు. ఆకాశమునకెగయు విమానము, పట్టాలపై పరుగిడు రైలు, మెఱుపులతో కూడిన వాన, సముద్రపు పోటు మున్నగు దృశ్యములను ప్రతి చిత్రమునకును క్రొత్తగా తీయుట వ్యయప్రయాసలతో కూడిన పని గావున, ఎడిటర్లు వెనుకటి చిత్రములలోని తునుకలను భద్రపఱచుకొని, అవసరమైనపుడు అతికించుకొనెడివారు. ఆ తునుకల పెట్టెయే నేడు ప్రపంచవ్యాప్తమైన వాణిజ్యమైనది. 1995లో నెలకొన్న గెట్టీ ఇమేజెస్, 2003లో న్యూయార్కు నగరమున ఆరంభమైన షట్టర్‌స్టాక్, 2006 నాటి పాండ్5, 2015లో వెలసిన అడోబీ స్టాక్ మొదలైన సంస్థలలో, కెమెరా చేతబట్టినవాడు ఏ దేశమువాడైనను తన దృశ్యఖండమును ఉంచవచ్చును. అవసరమున్నవాడు ఏ దేశమునుండియైనను వెల యిచ్చి తీసికొనవచ్చును.

ఇచ్చట ఒక సంగతి గట్టిగా పట్టుకొనవలెను. ఆ కొనువాడెవ్వడో మనకు తెలియదు, కాని వాడు మన క్లిప్పును ఉన్నది ఉన్నట్లుగా చూపువాడు గాడని మాత్రము తెలియును. వాడు దానిని నెమ్మదింపజేయును; ఒక మూలను మాత్రము దగ్గఱకు లాగి పెద్దది చేయును; మసాలా పొట్లపు ప్రకటనకు తగినట్లు ఎఱుపును ఇంకను పెంచును, లేదా దుఃఖకథకు తగినట్లు రంగునంతటిని వెలవెలబోజేయును; దానిపై అక్షరములు వేయును; అంతయు ముగిసిన పిమ్మట తాను మరల ఎక్స్‌పోర్ట్ చేయును; ఆ మీదట టెలివిజన్ సంస్థయో, యూట్యూబో దానిని మఱియొకమారు కుదించును. రైతు ఇంట తినుటకు దంచిన బియ్యము వేఱు, విత్తనములకై దాచిన వడ్లు వేఱు. బియ్యము తెల్లగా, తేలికగా, వెంటనే వండుకొనుటకు వీలుగా ఉండును. ఐనను దానిని నారుమడిలో చల్లినచో మొలవదు. విత్తనపు వడ్లు బరువు, ఎక్కువ చోటు ఆక్రమించును, పొట్టుతోనే ఉండును. మొలకెత్తు శక్తి మాత్రము వానిలోనే యున్నది. వాట్సాప్‌లో బంధువులకు పంపు వీడియో బియ్యము వంటిది. స్టాక్ భాండాగారమునకు పంపునది విత్తనపు వడ్ల వంటిది. ఎక్స్‌పోర్ట్ పట్టికలోని ప్రతి ప్రశ్నకును ఈ భేదమును మనసునందుంచుకొనియే సమాధానము చెప్పవలెనని నా నమ్మకము.

మొదట ఫార్మాట్, కోడెక్ అను రెండింటికిని గల భేదమును చెప్పెదను, ఏలయన క్రొత్తవారు చాలమంది ఈ రెండును ఒకటేయని భ్రమపడుదురు. ఎంపీ4 అనునదియు, ఎంఓవీ అనునదియు పాత్రలు మాత్రమే. వానిలో చిత్రమును, ధ్వనిని, కాలసూచికలను కలిపి యుంచుదురు. జాడీ మీద పేరు చూచినంత మాత్రమున లోపలి ఊరగాయ ఏ విధముగా పెట్టినదో తెలియనట్లే, ఫైలు చివర ఎంఓవీ అని యున్నంత మాత్రమున లోపలి చిత్రము ఏ పద్ధతిలో కుదింపబడినదో తెలియదు. ఆ కుదించు పద్ధతియే కోడెక్.

కుదించుట ఏల అని అడుగుదురేమో. 4కె అని వ్యవహరింపబడు చిత్రములో అడ్డముగా 3840, నిలువుగా 2160, వెరసి 82,94,400 చుక్కలు గలవు. ఒక్కొక్క చుక్కకు మూడు రంగులు, రంగుకు 8 బిట్ల చొప్పున, అనగా ఒక బైటు చొప్పున, లెక్కించినచో, ఒక్క ఫ్రేముకే సుమారు 25 మెగాబైట్లు. సెకనుకు 25 ఫ్రేములైనచో 622 మెగాబైట్లు. ఒక్క నిమిషమునకు 37 గిగాబైట్లు దాటును. ఇంత భారమును నేడు బజారులో లభించు సాధారణపు కెమెరాలు మోయలేవు. వానిలో పెక్కు 4కె చిత్రమును సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున వ్రాసికొనును. అనగా అసలు భారములో దాదాపు యాభయ్యవ వంతు. మన చేతికి వచ్చునప్పటికే ఆ దృశ్యము ఒకమారు గట్టిగా పిండబడినదన్నమాట. కనుక ఎక్స్‌పోర్ట్ చేయునపుడు మనము చేయునది రెండవ కుదింపు. కొన్నవాడు చేయునది మూడవది.

ఈ వరుస కుదింపుల ప్రభావము తెలియవలెనన్నచో మన తాళపత్ర గ్రంథముల చరిత్రను స్మరింపవలెను. మూలమునుండి ఒకడు ప్రతి వ్రాసికొనును, ఆ ప్రతినుండి మఱియొకడు, దానినుండి వేఱొకడు. ఒక్కొక్క చేయి మారినకొలది ఒక అక్షరము జాఱును, ఒక పాదము తాఱుమాఱగును. పందొమ్మిదవ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర పండితులను నియోగించి, ఒకే కావ్యమునకు అనేక ప్రతులను సేకరింపించి, పోల్చి చూపించి, పరిష్కృత పాఠములను సిద్ధము చేయింపవలసి వచ్చుటకు కారణమిదియే. వ్రాతప్రతికి అట్టి పరిష్కర్త యొకడు దొరకెను. కుదింపులో పోయిన చిత్రమునకు అట్టి పరిష్కర్త యెవ్వడును లేడు. పోయిన చుక్క పోయినదే.

ఇప్పుడు కోడెక్‌ల సంగతి. 2003లో ప్రామాణికముగా ఆమోదింపబడిన హెచ్.264 అనునది నేడు సర్వత్ర వ్యాపించినది. దాని పద్ధతి మిక్కిలి యుక్తియుక్తమైనది. అది ప్రతి ఫ్రేమును సంపూర్ణముగా వ్రాయదు. అప్పుడప్పుడొక ఫ్రేమును పూర్తిగా వ్రాసి, నడుమనున్న ఫ్రేములలో ఏది మాఱినదో, ఏది ఎటు జరిగినదో మాత్రమే వ్రాసికొనును. గండికోట లోయవంటి నిశ్చలదృశ్యమునకు ఈ పద్ధతి అమోఘముగా పనిచేయును, ఏలయన రాయి కదలదు. కాని గోదావరి అలలనో, గాలికి కదలాడు కొబ్బరిమట్టలనో, వడగండ్ల వాననో చూపు దృశ్యములో ప్రతి చుక్కయు ప్రతి ఫ్రేములోను మారుచుండును. అప్పుడు హెచ్.264కు ఇచ్చిన బిట్లు చాలవు. చాలనపుడు అది సూక్ష్మవివరములను విడిచిపెట్టి, చిత్రమును చిన్న చిన్న చతురస్రములుగా ముద్దచేసి చూపును. రాత్రివేళ తీసిన దృశ్యములలోని గరుకు, మనము నాయిస్ అని పిలుచునది, అదియు ఇట్లే బిట్లను తినివేయును. దీనికి తోడు, కొన్నవాడు ఎడిటింగ్ చేయుటకు నడుమనుండి ఒక ఫ్రేమును తీసికొనదలచినచో, వాని కంప్యూటరు ఇరుగుపొరుగు ఫ్రేములను కూడ విప్పి చూచినగాని దానిని నిర్మింపజాలదు.

2007లో ఆపిల్ సంస్థ ప్రవేశపెట్టిన ప్రోరెస్ దీనికి భిన్నమైనది. ఇందులో ప్రతి ఫ్రేము దేనిపైనను ఆధారపడక స్వతంత్రముగా నిలుచును. భారమధికము, నిజమే. 4కె దృశ్యమును సెకనుకు 25 ఫ్రేముల చొప్పున ప్రోరెస్ 422 రకములో ఉంచినచో సెకనుకు సుమారు 492 మెగాబిట్లు, ప్రోరెస్ 422 హెచ్‌క్యూ రకములో సుమారు 737 మెగాబిట్లు పట్టును. మన యువకుని 20 సెకన్ల మిర్చి దృశ్యము హెచ్.264లో 100 మెగాబిట్ల చొప్పున 250 మెగాబైట్లలో ఇముడగా, ప్రోరెస్ హెచ్‌క్యూలో 1.84 గిగాబైట్లగును. పల్లెటూరి ఇంటర్నెట్టు మీద దానిని ఎక్కించుటకు ఓర్పు కావలెను. ఐనను నా అభిప్రాయము స్పష్టము: రంగులు దిద్దిన దృశ్యమునకు, నీరు, పొగమంచు, ఆకులు, జనసమ్మర్దము ఉన్న దృశ్యమునకు ప్రోరెస్ 422 హెచ్‌క్యూయే తగినది. నెట్ వసతి లేనివారు హెచ్.264నే వాడుకొనవచ్చును, కాని అప్పుడు సెకనుకు ఇచ్చు బిట్ల లెక్కయైన బిట్ రేట్ విషయమున పిసినారితనము పనికిరాదు.

ఎఱ్ఱని మిర్చిని నేను ఊరక ఉదాహరణముగా గ్రహింపలేదు. మనుష్యుని కన్ను వెలుగునీడల భేదమును పసిగట్టినంత చురుకుగా రంగుల భేదమును పసిగట్టదు. ఈ దౌర్బల్యమును గమనించిన శాస్త్రజ్ఞులు, వెలుగును మాత్రము ప్రతి చుక్కకును వ్రాసి, రంగును కొన్ని చుక్కలకు కలిపి వ్రాయు ఉపాయమును కనిపెట్టిరి. పట్టికలో 4:2:0 అని కనబడు సంఖ్యల అర్థమిదియే: నాలుగు చుక్కలకు కలిపి ఒక్క రంగు. అనగా 3840, 2160 చుక్కల 4కె చిత్రములో రంగుల చిత్రము 1920, 1080 చుక్కలది మాత్రమే. 4:2:2 అన్నచో రెండు చుక్కలకు ఒక రంగు. సామాన్యముగా ఈ లోటు కంటికి తెలియదు. కాని ముదురు ఎఱుపు అంచు నల్లని నీడను తాకినచోట, మిర్చి తొడిమ ఆకుపచ్చ ఎఱుపును కలిసినచోట, ఆ లోటు మెట్లుమెట్లుగా బయటపడును. పోచంపల్లి ఇక్కత్ చీర యొక్క రంగులు ఒకదానిలో నొకటి కలియు అంచులయందును, నుదుటి కుంకుమ యందును ఇదే బాధ. కొన్నవాడు ఆ ఎఱుపును పెంచినకొలది ఆ మెట్లు పెద్దవగును. పచ్చని తెరముందు మనిషిని నిలిపి తీసిన దృశ్యమైనచో, ఆ మనిషి అంచును కత్తిరించి వేఱొక దృశ్యముపై అతికింప ప్రయత్నించు కంపోజిటర్ బాధ చెప్పనలవి గాదు. ప్రోరెస్ 422 పేరులోనే ఆ 4:2:2 ఉన్నది.

రంగుల లోతు కూడ ఇట్టిదే. 8 బిట్లన్నచో ఒక్కొక్క రంగునకు 256 మెట్లు. 10 బిట్లన్నచో 1024. మార్గశిర పుష్యములలో లంబసింగి కొండలపై తెల్లవాఱుజామున దిగు మంచును తీసినారనుకొందము. ఆ మంచులో తెలుపునుండి లేత నీలిమకు వెలుగు మెల్లమెల్లగా మారును. చిత్రపు ఈ అంచునుండి ఆ అంచువఱకు, 3840 చుక్కల మేర, ఆ మార్పు 8 బిట్లలో 40 మెట్లు మాత్రమేయైనచో, ఒక్కొక్క మెట్టు 96 చుక్కల వెడల్పుగల పట్టీయగును. గ్రేడింగులో, అనగా రంగులు దిద్దునపుడు, కాంట్రాస్టును కొంచెము పెంచగానే ఆ పట్టీలు, గోడకు సున్నము సరిగా కలియక వేసినప్పటి చారలవలె, స్పష్టముగా కనబడును. అదే 10 బిట్లలో 160 మెట్లగును; పట్టీ వెడల్పు 24 చుక్కలు; కంటికి ఆ మంచు మంచుగానే యుండును. కెమెరా 8 బిట్లే యిచ్చినపుడు 10 బిట్లలో ఎక్స్‌పోర్ట్ చేయుట వలన ప్రయోజనమేమని కొందఱు వాదింతురు. కెమెరా ఇవ్వనిది ఎక్స్‌పోర్ట్ పుట్టింపజాలదు, అది సత్యమే. కాని సాఫ్ట్‌వేరు తన లోపలి లెక్కలను ఇంకను సూక్ష్మముగా చేయును గావున, గ్రేడింగు చేసిన పిమ్మట వచ్చిన నడిమి మెట్లను మరల 8 బిట్లలోనికి కుక్కి పోగొట్టుకొనుటకంటె 10 బిట్లలో నిలుపుట మేలు. ఈ మేలు నాకు పదే పదే అనుభవములోనికి వచ్చినది.

ఇక బిట్ రేట్. ప్రీమియర్ ప్రో సాఫ్ట్‌వేరులో ఈ సంఖ్యను మెగాబిట్లలో అడుగుదురు. డావిన్సీ రిజాల్వ్‌లోని డెలివర్ పుటలో కిలోబిట్లలో అడుగుదురు. అక్కడ 100 అని వ్రాయవలసినది ఇక్కడ 1,00,000 అని వ్రాయవలెను. ఈ చిన్న విషయము తెలియక పాడైన క్లిప్పులను నేను చూచితిని. సూత్రము సులభమైనది: హెచ్.264లో పంపునపుడు కెమెరా వ్రాసిన రేటుకు తక్కువ కాకుండ, వీలైనచో కొంత ఎక్కువగ, ఇవ్వవలెను. కెమెరా 100 మెగాబిట్లు వ్రాసినచో మీరు 40 వ్రాయుట ధాన్యమును నేలపాలు చేయుట. 1000 వ్రాయుట ఖాళీ గోనెసంచిని మోయుట. స్థిరమైన రేటు, మారెడు రేటు అను రెండు పద్ధతులలో, కదలిక అంతటను సమానముగానున్న నీటి దృశ్యమునకు మొదటిది, కదలిక ఒకచోటనే యున్న దృశ్యమునకు రెండుమార్లు పరిశీలించి వ్రాయు రెండవది తగియుండును. రెండుమార్లు పరిశీలించుట వలన కాలము పట్టును, కాని సాఫ్ట్‌వేరు మొదట క్లిప్పునంతటిని చదివి, ఎచ్చట బిట్లు అవసరమో తెలిసికొని, పిదప పంచిపెట్టును.

ఈ విషయమున నా స్వానుభవమొకటి చెప్పవలసియున్నది. కొన్నేండ్ల క్రిందట పాపికొండలకు పోవు దారిలో, దేవీపట్నము రేవున, సన్నని వానలో పడవ ఒడ్డును విడిచి పోవుటను చిత్రించితిని. కెమెరా దానిని హెచ్‌డీలో సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున వ్రాసెను. నేను ఎక్స్‌పోర్ట్ పట్టికను చదువక, యూట్యూబునకై సిద్ధముగానున్న ప్రీసెట్‌ను ఎన్నుకొని, 16 మెగాబిట్లలో ఆ క్లిప్పును పంపితిని. చిన్న తెరపై చూచినపుడు అది సలక్షణముగనే తోచెను. వారమునకు భాండాగారమువారు కుదింపు దోషములున్నవని తిప్పి పంపిరి. పెద్ద తెరపై పూర్తి పరిమాణములో తెఱచి చూడగా, వానచినుకులు నీటిని తాకిన చోట చినుకులు లేవు, బూడిదరంగు గడులు మాత్రమే యుండెను. వారి తీర్పు న్యాయమైనది. యూట్యూబ్ ప్రీసెట్ చెడ్డది గాదు. అది చూచువాని కొఱకు తయారైనది, మలచువాని కొఱకు గాదు.

ఫ్రేముల సంఖ్య విషయమున ఒక్కటే నియమము: కెమెరాలో ఏది యుండెనో ఎక్స్‌పోర్ట్‌లో అదియే యుండవలెను. చలనచిత్రము సెకనుకు 24 ఫ్రేములతో నడచినది. మన దేశములో విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో ప్రవహించును గావున, 1982లో మన దూరదర్శన్ రంగులను సంతరించుకొన్నపుడు 25 ఫ్రేముల పాల్ పద్ధతి స్థిరపడినది. అమెరికాలో 1953లో నలుపు తెలుపుల టెలివిజనుకు రంగును జోడించునపుడు, ధ్వనితో ఘర్షణ రాకుండుటకై 30ని కొంచెము తగ్గించి 29.97 చేసిరి. అమెరికావారు కొనుదురు గదాయని 25 ఫ్రేముల క్లిప్పును 29.97గా మార్చి పంపువారున్నారు. లేని ఫ్రేములు ఎచ్చటనుండి వచ్చును? సాఫ్ట్‌వేరు కొన్ని ఫ్రేములను రెండుమార్లు చూపును, లేదా రెండింటిని కలిపి దయ్యపు నీడవంటి దానిని సృష్టించును. పడవ నీటిపై జాఱక తొట్రుపడును. ఆ మార్పు అవసరమైనచో కొన్నవాడే చేసికొనును. 50 ఫ్రేములతో తీసినదానిని 25లో పఱచి సగము వేగముతో చూపినచో అది న్యాయమైన స్లోమోషన్. ప్రతి ఫ్రేమును కెమెరా చూచినదే. ఆ సంగతిని వివరణలో వ్రాసినచో చాలును.

సెల్‌ఫోనుతో చిత్రించువారు మఱియొక జాగ్రత్త వహింపవలెను. ఫోను పెక్కుమార్లు స్థిరమైన ఫ్రేముల సంఖ్యతో వ్రాయదు. వెలుతురు తగ్గినపుడు తగ్గించుచు, పెరిగినపుడు పెంచుచుండును. అట్టిదానిని 25లోనో 30లోనో స్థిరమైన టైమ్‌లైన్‌పై నిలిపి, ఎక్కడను తడబాటు లేదని చూచి, అటుపిమ్మటనే పంపవలెను.

చిత్ర పరిమాణమును గూర్చి ఎక్కువ చెప్పనక్కఱలేదు. హెచ్‌డీని సాగదీసి 4కె అని చెప్పుకొనుట మోసము. పరిశీలకులు దానిని వెంటనే గుర్తింతురు, గుర్తింపకున్నను కొన్నవాడు మోసపోవును. స్కాన్ పద్ధతి ప్రోగ్రెసివ్‌గా నుండవలెను. పాత టెలివిజనుల కాలపు ఇంటర్‌లేస్ పద్ధతి అడ్డగీతలను మిగుల్చును. చుక్కలు చతురస్రములుగా, అనగా పిక్సెల్ నిష్పత్తి 1.0గా నుండవలెను. చిత్రమును దగ్గఱకు లాగి కత్తిరించినందువలన పరిమాణము తగ్గినచో, తగ్గిన పరిమాణములోనే నిజాయితీగా పంపవలెను.

రంగుల ప్రమాణము మాత్రము తఱచు ప్రమాదకారి. కొందఱు కెమెరాలో లాగ్ అను వెలవెలబోయిన రీతిలో చిత్రించి, తామేమో విలువైన పదార్థమును కాపాడుచున్నామని తలంచి, దానిని అట్లే పంపుదురు. లాగ్ చిత్రమును వేఱుగా కోరువారు లేకపోలేదు. కాని సామాన్యముగా కొనువాడు భాండాగారపు చిన్న బొమ్మను చూచియే ఎన్నుకొనును. ఆ బొమ్మ బూడిదవలె నుండినచో దాటిపోవును. కనుక రెక్.709 అను ప్రమాణమునకు మార్చి, మితముగా, చర్మపురంగు సహజముగా నుండునట్లు దిద్ది పంపవలెను. అతిగా దిద్దుట కూడ తగదు. నీలినారింజల సినిమా రంగు మీకెంత ప్రీతిపాత్రమైనను, కొన్నవాని అభిరుచికి చోటు మిగుల్చుట ధర్మము. డేటా లెవెల్స్ అనుచోట వీడియో, ఫుల్ అను రెండు మార్గములుండును. వీడియో మార్గములో 8 బిట్ల లెక్కన నలుపు 16 వద్ద, తెలుపు 235 వద్ద నుండును. ఫుల్‌లో 0, 255. పొరపాటున ఒకటి ఎన్నుకొని వేఱొకటిగా చదువబడినచో, మిర్చి కల్లములోని నీడలు పొగపట్టినట్లగును, లేదా కాటుకవలె ముద్దగట్టును. సందేహమున్నవారు వీడియో మార్గమునే అనుసరింపుడు.

ధ్వని విషయము సులభము. మిర్చిని అమ్ము యార్డులో మైకు వినిపించు పాటకు హక్కుదారు లున్నారు. టిక్కీల, అనగా మిర్చి బస్తాల, నడుమ మాటలాడుకొనువారి మాటలు వారి సొంతము. పక్షుల కిలకిల, నీటి చప్పుడు వంటి సహజధ్వని స్వచ్ఛముగా నున్నచో ఉంచుడు. లేనిచో ఎక్స్‌పోర్ట్ పట్టికలో ఆడియో గడిని తీసివేయుడు. టిక్కీలపై ముద్రించిన దుకాణముల పేర్లు, ఎదుటి మనుష్యుల ముఖములు, వారి అనుమతిపత్రములు మఱియొక ప్రసంగమునకు తగిన విషయములు.

క్లిప్పు నిడివి సామాన్యముగా 5 సెకన్లకు తగ్గక 60 సెకన్లకు మించక యుండవలెనని ప్రధాన భాండాగారములు కోరును. ఫైలు పరిమాణమునకు 4 గిగాబైట్ల దరిదాపులలో హద్దు పెట్టినవి గలవు. 4కె ప్రోరెస్ హెచ్‌క్యూలో 60 సెకన్లు 5.5 గిగాబైట్లు దాటును గావున, 40 సెకన్లకు లోబడి కత్తిరించుకొనుట మంచిది. నిజమునకు పనివాడెవ్వడును 40 సెకన్ల షాట్‌ను పూర్తిగా వాడడు. 15, 20 సెకన్లలో ఆది, మధ్యము, అంతము గల ఒక చర్య పూర్తికాగలదు: ఒక టిక్కీ భుజమునకెత్తబడును, లారీకి చేరును.

ఎక్స్‌పోర్ట్ ముగిసిన పిమ్మట చేయవలసిన పనిని పెక్కుమంది చేయరు. టైమ్‌లైన్‌పై చూచినదే చాలునని తలంతురు. అది చాలదు. బయటకు వచ్చిన ఫైలును వేఱొక ప్లేయర్‌లో తెఱచి, చిత్రమును నూటికి నూఱు పాళ్ల పరిమాణమున నుంచి, నాలుగు మూలలను, ఆకాశమును, నీడలను, కదలు అంచులను, మొదటి ఫ్రేమునుండి చివరి ఫ్రేము వఱకు ఒకమారు పూర్తిగా చూడుడు. నల్లని ఫ్రేము ఒకటి చివర మిగిలియుండవచ్చును; నడుమ ఒక ఫ్రేము పగిలియుండవచ్చును. 20 సెకన్ల క్లిప్పును చూచుటకు 20 సెకన్లే పట్టును.

చివరగా మీకు నా విన్నపము. కెమెరా కార్డులోని అసలు ఫైళ్లను రెండు వేఱు వేఱు డిస్కులలో భద్రపఱచనిదే ఆ కార్డును తుడిచివేయకుడు. క్లిప్పు భాండాగారములో ఆమోదింపబడిన తరువాత కూడ వానిని పాఱవేయకుడు. దేవీపట్నపు క్లిప్పు తిరిగివచ్చిన దినమున, సరియైన అమరికలతో మరల ఎక్స్‌పోర్ట్ చేయుదమని అసలు ఫైలు కొఱకు వెదకితిని. ఆ కార్డుపై అప్పటికే ఒక పెండ్లి చిత్రింపబడియుండెను. మరల పోయి తీయుదుననుకొంటిని, పనులచేత పోలేకపోతిని. ఆ తరువాత పోలవరము వద్ద కాఫర్ డ్యామ్ వెనుక నీరు నిలిచి, దేవీపట్నము ముంపునకు గురియైనది, ఊరివారు తరలిపోయిరి. ఆ రేవు ఇప్పుడు నీటి క్రిందనున్నది. నా వద్దనున్నది ఆ 16 మెగాబిట్ల ప్రతి యొక్కటే.